ముప్పై రెండు గళ్ళు

గురప్ప చనిపోయిన రోజు కృపామణి తిరుపతిలో, రేణిగుంట రోడ్డు మీదున్న తన ఆఫీసులో, పెరుగన్నం డబ్బా ముందు కూర్చుని ఉంది. ఒంటిగంట దాటింది. యజమాని మునిప్రసాద్ ఫోను చెవికి ఆనించుకుని తన గదిలోంచి బయటికి వచ్చాడు. మాట అయ్యాక ఫోను పెట్టేశాడు.

"బంగారుపాళ్యం ఫ్యాక్టరీలో గ్యాసు లీకయిందంట," అన్నాడు. "ఆపరేటర్ గురప్ప పోయినాడు. మన ప్యానెల్ ఉండే తావే."

కృపామణి ముద్దను డబ్బాలో పెట్టి మూత వేసింది.

గురప్ప ఆమెకు తెలుసు. మామిడి గుజ్జు తీసి డ్రమ్ములకెత్తే ఆ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా కంప్రెసర్లు చూసుకునేవాడు. రెండేళ్ళ కిందట ప్యానెల్ బిగించడానికి పోయినప్పుడు మూడు రోజులు ఆమె వెంటే తిరిగాడు. ఏ పైపు ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో చెయ్యి పట్టి చూపించినంత పనిచేశాడు. పోయే ముందు ఒక గోనెసంచి నిండా తోతాపురి కాయలు తెచ్చి కారులో పెట్టాడు.

మునిప్రసాద్ కంపెనీలో పనిచేసేది పదకొండు మంది. వాళ్ళు తయారుచేసేది ఒకటే సరుకు, గుజ్జు ఫ్యాక్టరీల కోల్డ్ రూములకు కాపలా కాసే ప్యానెళ్ళు. ఆ గదుల్ని చల్లబరిచేది అమ్మోనియా. అది లీకైతే గదిలో ఉన్న సెన్సార్ పసిగడుతుంది. వెంటనే ప్యానెల్ సైరన్ మోగించి, తెర మీద ఆ గది పేరు పెద్ద అక్షరాలతో చూపించి, ఆ గది తలుపు మీద ఎర్రదీపం వెలిగించి, ఆ గదికి పోయే గ్యాసు లైను మూసేయాలి. కృపామణి ఆరేళ్ళుగా రాస్తున్నది ఆ ప్యానెల్ లోపల అన్నిటికన్నా అడుగున పనిచేసే ప్రోగ్రాం. దాన్ని కెర్నెల్ అంటారు. పైన ఉండే ప్రోగ్రాం తప్పు చేస్తే కెర్నెల్ పట్టుకుంటుంది. కెర్నెల్ తప్పు చేస్తే పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు.

తెర మీద గదుల పేర్లు తెలుగులో రావాలని పట్టుబట్టింది కూడా ఆమే. అంతకుముందు ప్యానెళ్ళలో తూర్పుకు ఈ, పడమరకు డబ్ల్యూ పెట్టి, ఈ-ఒకటి, ఈ-రెండు, డబ్ల్యూ-ఒకటి అని ఇంగ్లీషు గుర్తులు ఉండేవి. కృపామణి తల్లి ఎస్తేరు చిత్తూరు పక్కన ఒక ఫ్యాక్టరీలో పదిహేను సీజన్లు కాయలు ఏరే పని చేసింది. ఒకసారి సైరన్ మోగితే, బోర్డు మీద ఇంగ్లీషులో ఏముందో చదవలేక ఆడవాళ్ళంతా గ్యాసు ఉన్న వైపుకే పరుగెత్తారు. ఎస్తేరు కళ్ళు వారం రోజులు తెరుచుకోలేదు. కృపామణి అప్పుడు ఎనిమిదో తరగతి. ఈ సంగతి చెప్పినప్పుడు మునిప్రసాద్ మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. బంగారుపాళ్యంలో మొదటి తెలుగు ప్యానెల్‌కు టెంకాయ కొట్టింది గురప్పే.

మర్నాడు పొద్దున్నే మునిప్రసాద్ తన కారులోనే ఆమెను తీసుకుపోయాడు. దారి పొడుగునా తోతాపురి లారీలు బారులు తీరి ఉన్నాయి. ఫ్యాక్టరీ ఆ రోజు మూశారు గానీ కాయ ఆగదు కదా, గేటు బయట లారీల్లో అది మెత్తబడి రసం కారుతోంది. ఈగలు ముసురుతున్నాయి.

మేనేజరు జయరావు వాళ్ళను వరండాలోనే నిలబెట్టి చెప్పాడు.

"పదకొండున్నరకి సైరన్ మోగింది. మీ ప్యానెల్ కరెక్టుగా పనిచేసింది, దాంట్లో మాకేం అనుమానం లేదు. పాత గదిలో లీకని దీపం వెలిగింది. ఈయప్ప కొత్త గదిలోకి పోయినాడు. మాస్కు కూడా వేసుకోలా. ఏం చేస్తాం చెప్పండి? తాగి ఉన్నాడేమోనని కొంతమంది అంటా ఉండారు. ప్యానెల్ నిమిషం నిమిషం రాసుకున్న లాగ్ ప్రింటు తీసి ఇచ్చేస్తే ఫ్యాక్టరీల ఇన్స్పెక్టరుకు పెట్టేస్తాం."

"కొత్త గదిలోకి ఎందుకు పోయినాడు సార్?" అంది కృపామణి.

"అదేనమ్మా, మాకూ అర్థం కాలేదు."

కృపామణి వెళ్ళి చూసింది. తూర్పు వైపు రెండు కోల్డ్ రూములు ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాయి. పాత గదికి పోయే లైనును చేత్తో మూసే వాల్వు వెనక వైపు ఉంది. పోయిన ఏడాది కొత్త గది కట్టినప్పుడు ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు ఆ వాల్వు దగ్గరికి పోవాలంటే కొత్త గదిలోంచే పోవాలి. మాస్కు తగిలించే కొక్కెం పాత గది తలుపు పక్కన ఉంది. దానికి మాస్కు ఇంకా వేలాడుతూనే ఉంది.

అక్కడ నిలబడేసరికి ఆమెకు గురప్ప నడిచిన దారి కనబడింది. వాసన వరండా అంతా కమ్మేసి ఉంటుంది, ముక్కుతో తేల్చుకునేది కాదు. ఏ గదో యంత్రమే చెప్పాలి. యంత్రం పాత గది మీద దీపం వెలిగించింది. మాస్కు కోసం ఆ దీపం కిందికి పోతే గ్యాసులోకి పోయినట్టే. కొత్త గది దీపం ఆరి ఉంది, కాబట్టి ఆ గది మంచిది. యంత్రం లైను మూసినా వాసన తగ్గలేదు, ఇక చేత్తోనే మూయాలి, అందులోంచి పది అడుగులు పోతే వాల్వు. ముందు ఆడవాళ్ళందర్నీ బయటికి తరిమి, ఆ తర్వాత కొత్త గది తలుపు తీసి ఉంటాడు.

గ్యాసు ఉన్నది కొత్త గదిలో.

కంప్రెసర్ రూములో ప్యానెల్‌కు ల్యాప్‌టాప్ కలిపి లాగ్ తెరిచింది. సైరన్ సంగతి చూడకముందే, ఆ రోజు పొద్దున ప్యానెల్ ఆన్ అయినప్పుడు రాసుకున్న వరుసలు కంటబడ్డాయి. ఒక్కో సెన్సారు నంబరు, దాని ఎదురుగా గది పేరు. నాలుగో నంబరు ఎదురుగా 'తూర్పు గది' అని ఉండి, దాని చివర చిన్న ఖాళీ డబ్బా గుర్తు ఉంది. ఏడో నంబరు ఎదురుగా కూడా 'తూర్పు గది', చివర అదే డబ్బా.

ఆమె రెండు వరుసల మీదా వేలు పెట్టి మళ్ళీ చదివింది.

ఆ పేర్లు అట్లా ఉండకూడదు. నాలుగోది 'తూర్పు గది పాతది', ఏడోది 'తూర్పు గది కొత్తది'. కెర్నెల్‌లో ఒక్కో పేరుకు ఆమె ముప్పై రెండు గళ్ళ చోటు కేటాయించింది. ఇంగ్లీషు అక్షరం ఒక గడిలో కూర్చుంటుంది. తెలుగు అక్షరానికి మూడు గళ్ళు కావాలి, దాని గుణింతానికి ఇంకో మూడు, వత్తు పెడితే ఆ పొల్లుకు మరో మూడు. 'తూర్పు' అన్న ఒక్క మాటకే పద్దెనిమిది గళ్ళు పోతాయి. 'తూర్పు గది' అని రాసి ఖాళీ వదిలేసరికి ఇరవై తొమ్మిది. చివరి గడి పేరు అయిపోయిందని చెప్పే సున్నాకు వదలాలి. మిగిలేది రెండు. ఆ రెండింట్లో 'పా'లోని ప పట్టదు, 'కొ'లోని క పట్టదు. రెండు అక్షరాలకూ మొదటి రెండు గళ్ళలో పడే ముక్కలు ఒకటే, తేడా ఉన్నది మూడో ముక్కలో. అది తెగిపోయింది, మిగిలిన ముక్కే తెర మీద ఖాళీ డబ్బాగా కనబడుతోంది. మిగిలిన పేర్లు రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటే.

ఏడో సెన్సారు గ్యాసు పసిగట్టింది. కెర్నెల్ దాని పేరు తీసుకుని, ఆ పేరున్న దీపం ఏది, ఆ పేరున్న లైను ఏది అని పట్టికలో పైనుంచి వెతికింది. మొదట దొరికింది పాత గది. దాని దీపం వెలిగించింది, దాని లైను మూసింది. కొత్త గదిలోకి గ్యాసు వస్తూనే ఉంది. నంబరుతో వెతికి ఉంటే ఇట్లా అయ్యేది కాదు. పేరుతో వెతికేట్టు రాసింది కృపామణే. పేరును ఆ గళ్ళలోకి నకలు చేసే ఆజ్ఞ, పేరు పట్టకపోతే ఆ సంగతి తిరిగి చెబుతుంది. ఆ జవాబు చూసుకోకుండా వదిలేసిందీ ఆమే.

అంతకన్నా ఘోరమైన విషయం అప్పుడు గుర్తుకొచ్చింది. కొత్త గది కట్టాక పేర్ల ఫైలు తిరుపతి నుంచే మెయిల్లో పంపింది. పోయి పరీక్ష చేసి రాలేదు. ఏప్రిల్లో గురప్ప ఫోను చేశాడు.

"అమ్మా, తూర్పు గది పక్కన ఏందో డబ్బా మాదిరి వస్తా ఉండాది. రెండిటికీ ఒకటే మాదిరి ఉండాది సూడు."

"అది ఫాంటు తకరారు గురప్పన్నా. పనికేం ఇబ్బంది లేదు. తర్వాతి అప్‌డేట్‌లో సరిచేస్తాను."

"సరేమ్మా, నువ్వు చెప్పినావు గదా."

అది మూడు నిమిషాల ఫోను కూడా కాదు.

తిరిగి పోయేటప్పుడు కారులో మునిప్రసాద్‌కు అంతా చెప్పింది. ఆయన బండి పక్కకు తీసి ఆపాడు. స్టీరింగు మీద నుంచి చేతులు తీయలేదు.

"ఇట్లాంటి పేర్లు ఇంకెన్ని తావుల ఉండాయి?"

"తెలుగు ప్యానెళ్ళు తొమ్మిది. రెండు చోట్ల ఇట్లాగే పొడుగు పేర్లు ఉన్నాయి."

"ముందు అది చూడు. ఇప్పుడే చూడు."

ఆమె కారు వెనక సీట్లోనే ల్యాప్‌టాప్ పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. పేర్లు చూపించడానికి మాత్రమే, వెతకడమంతా నంబర్లతో. పేరు పట్టకపోతే ప్యానెల్ అసలు ఆన్ కాకూడదు. మునిప్రసాద్ ఒక్కో ఫ్యాక్టరీకి ఫోను చేసి, అప్‌డేట్ ఎక్కేదాకా కోల్డ్ రూముల్లోకి మనుషుల్ని పంపొద్దని బతిమాలాడు. ఎందుకని అడిగితే మామూలు జాగ్రత్త అన్నాడు. సాయంత్రానికి తొమ్మిదీ సరయినాయి. సరిచేసింది మొత్తం పద్నాలుగు వరుసలు.

తర్వాత మునిప్రసాద్ ఆమెను తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"ఇంక ఈ మాట ఇక్కడితో ఆపేద్దాం తల్లీ. లాగ్ అడిగినారు, ఇచ్చేద్దాం. ఇన్స్పెక్టరుకు ఆ వరుసలు చదవడం తెలిస్తే తెలుసుకుంటాడు. మనం పోయి చెప్పాల్సిన పనిలేదు. పదకొండు ఇండ్లు నడస్తా ఉండాయి దీని మీద. నీ ఇల్లూ దాంట్లో ఒకటి."

"గురప్పన్న తాగి ఉన్నాడని అంటున్నారు సార్."

"అనేవాళ్ళు అంటారు. నాలుగు రోజులు పోతే మర్చిపోతారు."

ఆయన చెడ్డవాడు కాదు. డిప్లొమా చేసి రెండేళ్ళు ఖాళీగా ఉన్న ఆమెను ఎవరూ పిలవనప్పుడు పనిలో పెట్టుకున్నవాడు. ఆమె తల ఊపి బయటికి వచ్చింది. ఎనిమిది రోజులు అట్లాగే ఉండిపోయింది. మధ్యాహ్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తెచ్చేది. ఎస్తేరు ఏమైందని అడిగితే పని ఎక్కువగా ఉందని చెప్పింది. పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది, ఆపరేటర్ నిర్లక్ష్యమే కారణమని.

తొమ్మిదో రోజు ఒకావిడ ఆఫీసుకు వచ్చింది. యాభై ఏళ్ళు ఉంటాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆ వార్త ముక్క. మునిప్రసాద్ కాళహస్తి పోయి ఉన్నాడు. ఆవిడ వాకిట్లోనే చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

"నేను గురప్ప పెండ్లాన్నమ్మా, దేవకమ్మ నా పేరు. ఆ పెట్టె మీరే చేసినారంట గదా. యాడ ఏం జరిగినా అది రాసిపెట్టుకుంటాదని మా ఆయప్ప చెప్తా ఉండె. ఆ పొద్దు ఏం రాసుకుందో కొంచెం సదివి చెప్తారా?"

కృపామణి కుర్చీ లాగి వేసింది. మంచినీళ్ళు ఇచ్చింది. దేవకమ్మ గ్లాసు పట్టుకుందిగానీ తాగలేదు.

"తాగినాడంటా ఉండారు. ఆయప్ప మాల వేసినోడు మాదిరి ఉండినాడమ్మా, ఇరవై ఏండ్లుగా సుక్క ముట్టింది ల్యా. సరే, అది పోనీ. ఆ ఫ్యాక్టరీలో కండ్లు మూసుకున్నా తిరుగుతాడు. తప్పు గదిలోకి ఎట్ల పోతాడు? దాన్ని చెప్పమంటే ఒక్కరూ చెప్పరు."

కృపామణి లాగ్ కాపీ తెరిచింది. వేలు పెట్టి ఒక్కో వరుస చదివింది. పదకొండు ముప్పై నాలుగుకు ఏడో సెన్సారు గ్యాసు ఉందని చెప్పింది. అదే నిమిషంలో సైరన్. అదే నిమిషంలో నాలుగో గది దీపం, నాలుగో గది లైను మూత. పదకొండు ముప్పై ఆరుకు వరండా తలుపు తెరుచుకుంది, పద్నాలుగు మంది ఆడవాళ్ళు బయటికి పోయింది అప్పుడే.

"వాళ్ళను పంపింది ఆయప్పే," అంది దేవకమ్మ.

"అవునమ్మా. ఆయనే పంపినారు. పదకొండు ముప్పై ఎనిమిదికి ఏడో గది తలుపు తెరుచుకుంది."

ఆ తర్వాత ఆ తలుపు మళ్ళీ తెరుచుకున్నది పన్నెండుంపావుకు. అది చదవలేదు.

"ఏడో గదిలో గ్యాసు అయితే నాలుగో గదికి దీపం ఎట్ల వెలిగింది?"

దేవకమ్మ చదువుకున్నది కాదు, కానీ ఇన్స్పెక్టరు అడగని ప్రశ్న అది. కృపామణి ల్యాప్‌టాప్ మూత వేసింది. మూత మీద చేతులు పెట్టుకుని చెప్పింది. రెండు పేర్లు చోటు చాలక తెగిపోయిన సంగతి, రెండూ ఒకటైపోయిన సంగతి, యంత్రం ఒక గదికి బదులు ఇంకో గదిని చూపించిన సంగతి.

"అది రాసింది నేనేనమ్మా. ఏప్రిల్లో అన్న ఫోను చేసి చెప్పినారు, పేర్లు రెండూ ఒకటే మాదిరి ఉన్నాయని. నేనే పట్టించుకోలేదు."

దేవకమ్మ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఆ పొద్దు ఫోను చేసింది నా ముందరే," అంది. "ఆ పాప చెప్పిందిలే, ఏం భయం లేదంట అన్నాడు." మళ్ళీ అడిగింది. "ముందు ఇంగ్లీషులో ఉండె గదా. ఈ-ఒకటి, డబ్ల్యూ-ఒకటి అని. ఎందుకు మార్చినారు?"

"సైరన్ మోగితే ఇంగ్లీషు రాని ఆడవాళ్ళకు తెలియాలని..."

"ఆయప్పకు తెలిసేది గదమ్మా. ఇరవై ఏండ్లు ఆ ఇంగ్లీషు గుర్తులతోనే బతికినాడు. ఈ-ఒకటి అంటే యాడుందో, డబ్ల్యూ-ఒకటి అంటే యాడుందో నిద్రలో అడిగినా చెప్పేటోడు."

ఏడవడానికి కూడా తనకు హక్కు లేదనిపించి కృపామణి పెదవి కొరుక్కుంది.

"ఇది నాకు చెప్తే ఏం ప్రయోజనం?" అని లేచింది దేవకమ్మ. "పేపర్లో ఏసినోళ్ళకు చెప్పు. తాగినాడన్నోళ్ళకు చెప్పు." చెప్పులేసుకుని, వెనక్కి తిరగకుండా మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రం కృపామణి మునిప్రసాద్‌కు ఫోను చేసి, మర్నాడు చిత్తూరు పోయి ఇన్స్పెక్టరును కలుస్తున్నానని చెప్పింది. ఆయన అరవలేదు. "నీ పేరుతోనే రాసిస్తావా, కంపెనీ పేరుతోనా?" అని మాత్రం అడిగాడు. తన పేరుతోనే అంది. ఫోను కట్టయింది.

ఇంట్లో ఎస్తేరుకు అప్పుడు చెప్పింది. ఎస్తేరు కూతుర్ని దగ్గరికి తీసుకోలేదు, తిట్టలేదు. "పొద్దున నేనూ వస్తా," అంది. "బిన్నా లేసి మొదటి బస్సుకే పోదాం."

ఇన్స్పెక్టరు ఆమె చెప్పింది ఓపిగ్గా విన్నాడు. మూడుసార్లు మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. కాగితం మీద ముప్పై రెండు గళ్ళు గీసి 'తూర్పు గది కొత్తది' అని అందులో నింపి చూపించమన్నాడు. ఆమె నింపింది. చివరి అక్షరం దగ్గర పెన్ను ఆగిపోయిన చోట ఆయన వేలు పెట్టి చాలాసేపు చూశాడు. "ఇది రాసిచ్చినాక వెనక్కి తీసుకోలేవు, తెలుసు కదా?" అన్నాడు. తెలుసనింది. బయట బెంచీ మీద ఎస్తేరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ప్రార్థన చేసుకుంటోంది.

రిపోర్టు మారింది. గురప్ప తాగి లేడని, హెచ్చరిక తప్పుగా రావడం వల్లే ఆ గదిలోకి వెళ్ళాడని, పద్నాలుగు మందిని బయటికి పంపింది అతనేనని అందులో రాశారు. పేపర్లో మాత్రం ఆ సంగతి ఎవరూ వేయలేదు. కొత్త గది కట్టి వాల్వు దారి మూసేసినందుకు ఫ్యాక్టరీ మీద, ప్యానెల్ చేసినందుకు కంపెనీ మీద, నిర్లక్ష్యంగా రాసినందుకు కృపామణి మీద కేసులు పడ్డాయి. తొమ్మిది ఫ్యాక్టరీల్లో ఏడు ప్యానెళ్ళు పీకి వెనక్కి పంపాయి. దీపావళికల్లా మునిప్రసాద్ ఆఫీసు ఖాళీ చేశాడు. ఆమెతో పాటు పనిచేసిన ధర్మేంద్ర సూళ్లూరుపేట దగ్గర ఏదో ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి చేరాడు. రోడ్డు మీద కనబడితే ముఖం తిప్పుకున్నాడు. కృపామణిని ఎవరూ పనిలోకి పిలవలేదు. ఇంటి దగ్గర పిల్లలకు ట్యూషన్లు చెబుతోంది.

చిత్తూరు కోర్టులో నాలుగో వాయిదా ఫిబ్రవరిలో పడింది. వరండాలో ఒకే బెంచీ. ఒక చివర దేవకమ్మ కూర్చుని ఉంది. మూడు వాయిదాల్లోనూ ఆమె కృపామణి వైపు చూడలేదు. కృపామణి ఎప్పటిలాగే గోడకానుకుని నిలబడింది.

గంట గడిచాక దేవకమ్మ ఎదుటి గోడకేసి చూస్తూనే మాట్లాడింది.

"మా పాప పల్లవి పది రాస్తా ఉండాది. డిప్లొమాలో కంప్యూటరే తీసుకుంటానంటాది. వాళ్ళ నాయన చెప్పేటోడంట, తిరుపతి పాప మాదిరి చదువుకోమని."

కృపామణి గోడ వదిలి ఒక అడుగు ముందుకు వచ్చింది.

"నేనొద్దన్నా. అన్నం మానేసి కూసోనుండాది రెండు రోజులుగా." దేవకమ్మ తల తిప్పి మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది. "ఆ పని చేసేటోళ్ళంతా నీ మాదిరే ఉంటారా?"

అందులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"ఫోను చేసి ఎవరైనా తప్పుందని చెబితే, పని ఆపి పోయి చూసే మనిషైతే చదివించమ్మా," అంది కృపామణి. "నేను పోలేదు."

దేవకమ్మ మళ్ళీ గోడకేసి తిరిగింది. లోపలినుంచి బంట్రోతు వచ్చి కృపామణి పేరు రెండుసార్లు పిలిచాడు. ఆమె కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళింది. చేతులు కట్టుకుని నిలబడి, ఫోను వచ్చిన రోజు నుంచి మొదలుపెట్టి, అంతా మళ్ళీ చెప్పింది.